లెక్కలు చూసిన కళ్ళు నేరం రాస్తే...

బ్యాంకులో అప్పు కోసం అప్లికేషన్ పెట్టారనుకోండి. ఆఫీసరు మర్యాదగానే మాట్లాడతాడు. కుర్చీ చూపిస్తాడు, మంచినీళ్ళు తాగమంటాడు. చూపు మాత్రం కాగితాల మీదే ఉంటుంది. అంగడిలో ఇంత అమ్మకం ఉంటే కరెంటు బిల్లు ఇంత తక్కువ ఎట్లా వచ్చింది? పోయిన ఏడాది లేని బావమరిది ఈ ఏడాది భాగస్వామి ఎట్లయ్యాడు? మీరు చెప్పినదాని కంటే, చెప్పకుండా వదిలేసింది ఆయనకు ముఖ్యం.

డిటెక్టివ్ చేసే పని కూడా అదే కదా!

అందుకేనేమో, క్రైమ్ కథల్లో పెద్ద పేరు తెచ్చుకున్న ఇద్దరు రచయితలు లెక్కల పుస్తకాల మధ్య నుంచే లేచి వచ్చారు. ఒకాయన రాజోలులో పుట్టిన మన యండమూరి వీరేంద్రనాథ్. ఇంకొకాయన అమెరికాలోని చికాగోలో పుట్టిన రేమండ్ ఛాండ్లర్. ఇద్దరూ నవలలు రాశారు. ఇద్దరూ సినిమాకు వెళ్ళారు. ఇద్దరికీ అక్కడ చప్పట్లూ దొరికాయి, దెబ్బలూ తగిలాయి.

నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగ్ తీసుకుంటూ, రాత్రి పదకొండు దాటాక ఫోన్‌లో వెబ్ సిరీస్ కథ టైప్ చేసుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆళ్ళగడ్డలో పొద్దున ఉలి పట్టుకుని రాయి చెక్కి, సాయంత్రం షార్ట్ ఫిల్మ్ గురించి మాట్లాడుకునే అబ్బాయిలూ! ఈ వారం ముచ్చట మీకోసమే. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

అప్పు ఫైళ్ళ మధ్య నుంచి

యండమూరి 1948 నవంబరు 14న పుట్టారు. రాజోలు అప్పుడు తూర్పు గోదావరి జిల్లా, ఇప్పుడు కోనసీమ. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. స్టేట్ ఫైనాన్షియల్ కార్పొరేషన్‌లో కొన్నాళ్ళు, ఆ తర్వాత ఆంధ్రా బ్యాంకులో ఉద్యోగం. (2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇది మీ కరెంట్ అఫైర్స్‌కు కూడా పనికొస్తుంది, రాసి పెట్టుకోండి!) ఉద్యోగం చేస్తూనే నాటకాలు రాశారు, కథలు రాశారు, నవలలకు వచ్చారు. కలం మీద బతకగలనన్న నమ్మకం కుదిరాకే ఉద్యోగం వదిలారు.

అప్పట్లో వారపత్రిక అంటే ఇప్పటి ఓటీటీ లాంటిది. ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ కోసం వారం రోజులు కాచుకుని కూచోవాలి. స్కిప్ బటన్ లేదు, ఒక్క రాత్రిలో అంతా చూసేయడం లేదు. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి 'తులసిదళం' మొదలైంది. ఇంట్లో పత్రిక ముందు ఎవరు చదవాలన్న దగ్గర తగువులు. సీరియల్ పేజీలు చింపి, కుట్టి, దాచుకున్న ఇళ్ళు ఎన్నో. పుస్తకంగా వచ్చాక అద్దె పుస్తకాల షాపుల్లో అట్ట నలిగి, చివరి పేజీలు ఊడి, చేతులు మారుతూనే ఉండింది. మీ అమ్మనో పెద్దమ్మనో ఒకసారి అడిగి చూడండి. "దీపం ఆర్పుకోవడానికి భయమేసేది" అంటారు.

చేతబడి కథ కాబట్టి అంత భయపెట్టింది అనుకుంటాం. జాగ్రత్తగా చూస్తే అందులో దయ్యం కంటే ముందు డబ్బు ఉంటుంది. ఒక చిన్న పాప పేర వచ్చిన డబ్బు చుట్టూ పెద్దవాళ్ళ ఆశ. ఆ తర్వాతే కాష్మోరా, మంత్రం, శ్మశానం. లెక్కలు చూసిన మనిషి రాశాడు కాబట్టే, అంత రాత్రిలోనూ డబ్బు ఎవరి జేబు నుంచి ఎవరి జేబుకు పోవాలో స్పష్టంగా ఉంటుంది. సినిమాగా 'ఛాలెంజ్' అయిన నవల పేరే 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు'. ఐదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కాసే నిరుద్యోగి కథ. 1984లో యాభై లక్షలంటే ఎంతో మీ తాతను అడగండి.

ఇంకోమాట. ఫోన్ చేతిలో పెట్టుకుని తిరిగే మీ తరం తప్పకుండా చదవాల్సింది 'వెన్నెల్లో ఆడపిల్ల'. రేవంత్ అనే చదరంగం ఆటగాడికి ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది. తనెవరో చెప్పదు. ఆమె వదిలే చిన్న చిన్న ఆధారాలతో గడువులోగా ఆమెను కనుక్కోవాలి. కాలర్ ఐడీ లేని కాలం మరి! శవం లేదు, హత్య లేదు, అయినా మొదటి పేజీ నుంచి చివరిదాకా ఇది డిటెక్టివ్ కథే. కన్నడంలో 1995లో 'బెళదింగళ బాలె' పేరుతో సినిమా తీశారు. ముగింపు నేను చెప్పను, చెబితే మీరు నన్ను తిడతారు.

ఉద్యోగం పోయాక మొదలైన ఛాండ్లర్

ఇప్పుడు అమెరికా పోదాం. ఛాండ్లర్ 1888లో పుట్టాడు. చదువు ఇంగ్లండులో. మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా సైన్యంలో పనిచేశాడు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఒక చమురు కంపెనీలో లెక్కలు రాసే పనికి చేరి, వైస్ ప్రెసిడెంటు దాకా ఎదిగాడు. తాగుడు ముదిరింది, ఆఫీసుకు ఎగ్గొట్టడం ఎక్కువైంది, 1932లో ఉద్యోగం ఊడింది. వయసు 44. దేశమంతా మాంద్యం. చేతిలో వేరే పని లేదు.

అప్పుడాయన ఏం చేశాడో వినండి. చవక కాగితం మీద అచ్చయ్యే క్రైమ్ పత్రికలు కొని చదివాడు. లాయర్ పెర్రీ మేసన్‌ను సృష్టించిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ కథ ఒకటి తీసుకుని, దాని అస్థిపంజరాన్ని విడిగా రాసుకున్నాడు. ఎక్కడ ఏం జరిగింది, ఎవరు ఎప్పుడు వచ్చారు, అంతే. తర్వాత అసలు కథ పక్కన పెట్టి, ఆ అస్థిపంజరం మీద తన మాటలతో మళ్ళీ రాశాడు. రాసింది అసలుతో పోల్చి చూసుకున్నాడు. మళ్ళీ రాశాడు. అచ్చుకు పంపడానికి కాదు, చేయి తిరగడానికి. 1933లో 'బ్లాక్ మాస్క్' పత్రికలో మొదటి కథ పడింది. మొదటి నవల 'ది బిగ్ స్లీప్' 1939లో వచ్చింది, అప్పటికి యాభై ఏళ్ళు. 1959లో చనిపోయేలోగా పూర్తి చేసిన నవలలు ఏడంటే ఏడు. ఆ ఏడింటితోనే ఫిలిప్ మార్లో అనే ప్రైవేటు డిటెక్టివ్ ప్రపంచమంతా తిరిగాడు.

ఇరవై నాలుగేళ్ళకే "నా టైమ్ అయిపోయింది అన్నా" అనేవాళ్ళు ఈ పేరా రెండోసారి చదవండి.

ఛాండ్లర్ 1944లో ఒక వ్యాసం రాశాడు. అప్పటి ఇంగ్లీషు డిటెక్టివ్ కథల్లో బంగళాలో శవం, పన్నెండు మంది అతిథులు, ఒక తాళం వేసిన గది. హత్య ఒక పొడుపుకథ అయిపోయింది. ఆయన కోపమంతా దానిమీదే. మనుషులు ఊరికే చంపరు, కారణం ఉంటే చంపుతారు, రచయిత ఆ కారణం దగ్గరికి పోవాలి, ఆ కారణం పుట్టిన వీధికి పోవాలి అని వాదించాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

కాగితం మీద మాట, నోట్లో మాట

సినిమా ఇద్దరినీ పిలిచింది. 1944లో వచ్చిన 'డబుల్ ఇండెమ్నిటీ'కి దర్శకుడు బిల్లీ వైల్డర్‌తో కలిసి ఛాండ్లర్ స్క్రీన్‌ప్లే రాశాడు. మొగుడిని చంపి బీమా డబ్బు కాజేయాలనుకునే పెళ్ళాం, ఆమెకు తోడు బీమా ఏజెంటు. మళ్ళీ లెక్కలే చూడండి! అసలు నవల జేమ్స్ ఎం. కెయిన్‌ది. నవలలో మాటలు బాగున్నాయి, అవే పెట్టేద్దామన్నాడు వైల్డర్. అవి కంటికి బాగున్న మాటలు, చెవికి కాదు అన్నాడు ఛాండ్లర్. నటులతో చదివించి చూస్తే ఛాండ్లర్ చెప్పిందే నిజమైంది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడలేదు, అయినా ఆ స్క్రీన్‌ప్లే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. తర్వాత 1951లో హిచ్‌కాక్‌తో 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్'కు పనిచేసి, గొడవపడి బయటికొచ్చాడు.

యండమూరి దారి మొదట్లో సాఫీగా సాగింది. ఎ. కోదండరామిరెడ్డి దర్శకుడు, కె.ఎస్. రామారావు నిర్మాత, ఇళయరాజా సంగీతం, చిరంజీవి హీరో. ఈ జట్టుతో ఆయన నవలలు వరసగా తెరకెక్కాయి. 'అభిలాష' 1983, 'ఛాలెంజ్' 1984, 'రాక్షసుడు' 1986, 'మరణమృదంగం' 1988. అప్పుడు నవల పేరు పోస్టర్‌కు బలం. ఆ ధైర్యంతోనే ఏమో, దర్శకత్వం వైపు నడిచారు. 1991లో చిరంజీవితో 'స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్' తీశారు. అది ఆడలేదు.

నవలలో పాత్ర మనసులో ఏముందో రెండు పేజీలు రాయొచ్చు. తెర మీద ఆ రెండు పేజీలూ ఒక చూపులోనో, తలుపు వేసుకున్న చప్పుడులోనో చెప్పాలి. రెండూ కథ చెప్పడమే, చేతిపని మాత్రం వేరు. వడ్రంగి చేతికి ఉలి కొత్తకాదు, అంతమాత్రాన ఆళ్ళగడ్డ శిల్పి పక్కన కూచోబెడితే రాయి మాట వింటుందా?

ఉరితాడు గురించి ఒక కథ

యండమూరి నవలల్లో నాకు ఎక్కువ పని పెట్టింది 'అభిలాష'. ఒక కుర్ర లాయరు. తప్పు చేయనివాణ్ణి కూడా కోర్టు ఉరితీయగలదు, కాబట్టి ఆ శిక్షే ఉండకూడదు అంటాడు. నిరూపించాలిగా? తానే ఒక హత్య కేసులో ఇరుక్కున్నట్టు సాక్ష్యాలు పుట్టిస్తాడు. నిర్దోషినని చూపే ఆధారం వేరే పదిలంగా ఉంచుకుంటాడు. శిక్ష పడ్డాక అది బయటపెట్టి లోకం కళ్ళు తెరిపిద్దామని. తీరా ఆ ఆధారం అందకుండా పోతుంది. ఆట నిజమైపోతుంది.

అప్పట్లో హత్యానేరానికి ఐపీసీ సెక్షన్ 302. ఇప్పటి పిల్లలకు, 2024 జూలై 1 నుంచి, అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103. నంబరు మారింది, ఉరిశిక్షా యావజ్జీవమూ అట్లాగే ఉన్నాయి. ఆ సినిమాకు మూడేళ్ళ ముందే, 1980లో, బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరి రాజ్యాంగ విరుద్ధం కాదని, అయితే అత్యంత అరుదైన కేసుల్లోనే వేయాలని చెప్పింది. అంటే దేశంలో పెద్ద న్యాయమూర్తులు చర్చించిన విషయాన్ని, టికెట్ కొనుక్కుని పాటల కోసం వచ్చిన జనం ముందు పెట్టిందీ సినిమా. పాపులర్ నవలను తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

లెక్క రెండువైపులా చూడాలి కదా. 'తులసిదళం' మీద గట్టి విమర్శలూ వచ్చాయి. రంగనాయకమ్మ లాంటివాళ్ళు తీవ్రంగా ఖండించారు. చేతబడి పనిచేస్తుందేమో అన్న అనుమానాన్ని చదువుకున్నవాళ్ళ ఇళ్ళలోకి తెచ్చారన్నది ఆరోపణ. ఇష్టంగా చదివినవాళ్ళు "కథే కదా" అన్నారు. నాకు మాత్రం ఆ మాట సరిపోదు. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ముసలివాళ్ళను కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తున్నాయి. కథ భయపెట్టొచ్చు, అది దాని హక్కు. ఆ భయం పుస్తకం మూసేశాక ఎవరి మీద పడుతుందో రాసేవాడు ఒక్కసారైనా ఆలోచించాలి.

ఊరి పేరే నేరం అయినప్పుడు

ఇక అసలు సంగతి. స్టువర్టుపురం బాపట్ల దగ్గర ఒక పల్లె. 1871లో బ్రిటిష్‌వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే దొంగలని కాగితం మీద రాసేశారు. ఎరుకల కుటుంబాలను ఒకచోట పెట్టి, హాజరు వేసి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. స్టువర్ట్ అన్న బ్రిటిష్ అధికారి పేరే ఊరికి పెట్టారు. మన కర్నూలు వైపు సిద్ధాపురంలో కూడా అలాంటి సెటిల్‌మెంటు ఉండేది. 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది కానీ, పేరు పోలేదు. 1991లో సినిమా టైటిల్ అయింది, 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'తో మళ్ళీ తెరమీదికి వచ్చింది. అక్కడ పుట్టి, బడికి పోయి, ఉద్యోగం వెతుక్కునే పిల్లకు ఇంటర్వ్యూలో ఊరి పేరు చెప్పడం ఎంత కష్టమో ఊహించండి.

ఊహించడం మనకు కష్టం కాదులే. మనకూ తెలుసు.

1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది. ఆ తర్వాత 'నరసింహనాయుడు', 'ఆది', 'ఇంద్ర'. సుమోలు లేచాయి, బాంబులు పేలాయి, తొడలు చరిచారు. హైదరాబాదులో హాస్టల్ రూములో "ఏ ఊరు?" అంటే "నంద్యాల" అనగానే "అమ్మో, మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని నవ్వే జోకు మీలో ఎంతమంది వినలేదు? "ఆళ్ళగడ్డ" అంటే ఇంకో రెండు అడుగులు వెనక్కి వేసి మరీ నవ్వుతారు. ఫ్యాక్షన్ అబద్ధమని నేననను. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్ళు, కేసుల చుట్టూ తిరిగి భూములమ్ముకున్నవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. వాళ్ళ బాధ నిజం. తెరమీద మాత్రం వాళ్ళు కనబడరు. హీరో వెనక ఏడ్చే గుంపులో నిలబడతారు, డైలాగ్ ఉండదు.

ఛాండ్లర్ అడిగిన 'కారణం' ఇక్కడే తప్పిపోయింది. నీటి తగువు ఎక్కడ మొదలైంది? కాంట్రాక్టు ఎవరికి పోయింది? సాక్షి ఎందుకు మాట మార్చాడు? ఇవన్నీ లెక్కల ప్రశ్నలు. సినిమాకు వీటికంటే కత్తి సులువు.

ఇదే నేల మీద ఇంకో కథ కూడా ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1846లో కంపెనీ పాలన మీద తిరగబడి, కోవెలకుంట్ల ఖజానా మీద దాడి చేశాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. కంపెనీ దృష్టిలో నేరస్థుడు. జనం పాటల్లో రేనాటి వీరుడు. 2019లో 'సైరా'గా తెరకెక్కితే దానికి కథ ఇచ్చింది పరుచూరి సోదరులు. 'సమరసింహారెడ్డి'కి మాటలు రాసిందీ వాళ్ళే. అదే సీమ, అదే రచయితలు. 'అభిలాష'లో ఉరిశిక్షకు ఎదురు నిలిచిన చిరంజీవే ఇక్కడ ఉరికంబం ఎక్కాడు. ఎవరు నేరస్థుడు అన్నది, ఆ రిజిస్టరు ఎవరి చేతిలో ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. క్రైమ్ రాసేవాడికి ఇంతకంటే పెద్ద పాఠం లేదు.

మరి మీరేం రాస్తారు?

ఊరికే చదివి లైక్ కొట్టి పోవద్దు. కొన్ని పనులు చెబుతా.

మీకు నచ్చిన ఒక క్రైమ్ కథ తీసుకోండి. ఛాండ్లర్ చేసినట్టు దాని అస్థిపంజరం ఒక పేజీలో రాయండి. దాన్ని నంద్యాల సంజీవనగర్‌లోనో, ఆళ్ళగడ్డ బస్టాండులోనో పెట్టి మళ్ళీ రాయండి. ఎక్కడికీ పంపకండి, అది సాధన.

రాసిన ప్రతి మాటనూ ఫోన్‌లో రికార్డు చేసి వినండి. "యాడికి పోతాండావ్?" అన్నది సినిమాలో అరుపు. మన ఇళ్ళల్లో అది అవ్వ మనవడిని ప్రేమగా అడిగే మాట. మన యాసలో గుసగుస కూడా ఉందని ఒక్కరైనా తెరమీద వినిపించండి.

కత్తి రాసే ముందు కాగితం రాయండి. పాసు పుస్తకం, తాకట్టు రసీదు, విత్తనాల బిల్లు. వాటిలో తేడా ఎక్కడుందో కనుక్కుంటే మీ కథకు హంతకుడు దానంతట అదే దొరుకుతాడు.

ఆఖరుది. మీ విలన్‌కు ఒక కులం పేరో, ఊరి పేరో తగిలించే ముందు, ఆ ఊరి నుంచి రేపు ఇంటర్వ్యూకు పోయే పిల్లను ఒకసారి తలుచుకోండి. ఆమె కూడా మీ పాఠకురాలే.

బ్యాంకు పరీక్ష మాత్రం మానేయొద్దు. యండమూరి కూడా ఉద్యోగం చేసుకుంటూనే రాశారు. అప్పు ఫైళ్ళల్లో కథలకు కొదవ ఉండదు.

వచ్చే వారం కలుద్దాం.